గొంతు దిగని గారె

2023 మే నెల. సింగపూర్‌లోని టోవా పాయోలో ఒక పాత హౌసింగ్ బ్లాకు కింద, కాఫీ షాపుకూ మంగలి షాపుకూ మధ్య ఇరుక్కున్న పళ్ళ క్లినిక్కులో నేను అప్పటికి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నా ఉద్యోగం పేరు ఓరల్ హెల్త్ థెరపిస్ట్. డాక్టరు కంటే తక్కువ, నర్సు కంటే ఎక్కువ అని మా ఆయన చుట్టాలకు పరిచయం చేస్తుంటాడు, నాకు ఒళ్ళు మండుతుంది. పళ్ళు శుభ్రం చేయడం, చిన్న పుచ్చులు పూడ్చడం, కొత్తవి రాకుండా ఏం చేయాలో చెప్పడం, చెప్పినా విననివాళ్ళకు మళ్ళీ చెప్పడం నా పని. ఆఖరిదానికే ఎక్కువ సమయం పడుతుంది. పళ్ళు పీకడం, రూట్ కెనాల్ చేయడం వంటివి మా డాక్టర్ ఖో చూస్తారు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ మనిషి, నిదానస్తుడు. నాకు లేని ఓపికంతా ఆయనకే ఉంది.

క్లినిక్కులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఎక్కడెక్కడి తెలుగువాళ్ళూ వెతుక్కుంటూ వస్తారు. ఊరికి తూర్పు కొసనున్న బెడోక్ నుంచి కామేశ్వరిగారు వచ్చింది కూడా అలాగే. అరవై దాటిన మనిషి, సన్నగా, నేత చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచితో లోపలికొచ్చారు. వెనకాల కొడుకు ఫణి. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని, చెవిలో ఇయర్‌ఫోన్ తీయలేదు.

“పళ్ళు పీకించుకుందామని వచ్చాను తల్లీ. ఎన్ని పాడైతే అన్నీ పీకెయ్యమను. ఓ కట్టుడుపళ్ళ సెట్టు పెట్టించుకుంటే పీడా వదిలిపోతుంది” అన్నారు కుర్చీలో కూర్చుంటూనే.

“పీకడం మా డాక్టరుగారి పని ఆంటీ. ముందు నన్ను చూడనివ్వండి.”

“ఆంటీ ఏవిటమ్మా, షాపులో అమ్మాయి పిలిచినట్టు? పిన్నీ అను. తెనాలి పిల్లవిట కదా.”

అప్పటినుంచి ఆవిడ నాకు పిన్నిగారే. కోనసీమవారు. భర్త షిప్‌యార్డులో ఇంజనీరుగా పనిచేస్తున్న రోజుల్లో ఇక్కడికొచ్చి ఉండిపోయారు. సింగపూర్‌లో తద్దినం పెట్టుకునే తెలుగిళ్ళలో మడి వంట కావాలంటే ఆవిడ పేరే చెబుతారని అప్పటికే నాకు తెలుసు. తెల్లవారకముందే తలస్నానం చేసి, తడిబట్ట కట్టుకుని వంట మొదలుపెడితే, భోక్తలు లేచేదాకా ఉప్పయినా రుచి చూడరట. అయినా ఏ వంటకూ వంక పెట్టేవాళ్ళు లేరని చెప్పుకునేవారు.

నోరు తెరిచారు. చిన్న అద్దం లోపల పెట్టి బుగ్గను పక్కకు జరపబోతే, అద్దం బుగ్గకు అతుక్కుపోయింది. మా పనిలో ఇది మంచి గుర్తు కాదు. మామూలు నోట్లో అద్దం జారిపోతూ ఉంటుంది, పట్టుకోవడమే కష్టం. నాలుక ఎర్రగా, పగుళ్ళు పట్టి ఉంది. పెదవుల మూలలు చిట్లాయి. పుచ్చులన్నీ చిగురు అంచుల వెంబడే ఉన్నాయి. వీటిని సర్వైకల్ కేరీస్ అంటాం, పంటి మెడ దగ్గర వచ్చే పుచ్చు. అవి కింది ముందుపళ్ళకు కూడా పట్టాయి. నాలుక కింద లాలాజలం ఊరే చోటు కాబట్టి కింది ముందుపళ్ళు సాధారణంగా అంత తొందరగా పుచ్చవు. అక్కడ పుచ్చాయంటే ఆ నోట్లో తడి లేదని అర్థం.

“స్వీట్లు తింటారా పిన్నిగారూ?”

“నేనా? నెలకోసారి పరమాన్నం ముట్టుకుంటే గొప్ప.”

“మా అమ్మ ఏదీ తినదండీ” అన్నాడు ఫణి విసుగ్గా. “సోమవారం ఉపవాసం, శుక్రవారం ఉపవాసం, శనివారం ఉపవాసం. మధ్యలో ఏకాదశి. ఎప్పుడు చూసినా పెరుగన్నం, లేకపోతే మజ్జిగ. చెప్తే వినదు.”

“నోరు ఎండిపోతుంటుందా?”

“వయసు మీద పడ్డాక ఎవరికి ఎండదమ్మా?”

“కళ్ళు?”

ఆవిడ నావైపు కొంచెం ఆశ్చర్యంగా చూశారు. “కళ్ళలో ఇసక పోసినట్టుంటోంది. అది నీకెలా తెలిసింది? నేను పళ్ళకోసం కదా వచ్చాను.”

నోరూ, కళ్ళూ కలిసి ఎండుతుంటే మేం ఒక జబ్బును అనుమానిస్తాం. అందుకు మొదటి మెట్టు సలైవరీ ఫ్లో టెస్ట్. కదలకుండా కూర్చుని, తల కొంచెం వంచి, నోట్లో ఊరిన లాలాజలాన్ని మింగకుండా ఒక చిన్న కప్పులోకి వదలాలి. కాసేపట్లో ఎంత ఊరిందో కొలుస్తాం. చెప్పడానికి ఇంతే. కానీ ఎంగిలి అంటే ప్రాణం పోయినట్టు భావించే మనిషికి కప్పు ఇచ్చి ఇందులో ఉమ్మండి అనడం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఆవిడ కప్పు వంక చూసి, కొడుకు వంక చూసి, తల దించుకున్నారు. ఫణిని బయటికి పంపేశాను. కుర్చీని గోడవైపు తిప్పాను. నేను కూడా వెనక్కి తిరిగి నిలబడ్డాను. సమయం అయ్యాక చూస్తే కప్పు అడుగున మెరుపు తప్ప ఏమీ లేదు.

“నావల్ల కాలేదమ్మా, ఊరడంలేదు. సిగ్గేసిందనుకుంటాను” అన్నారు, పరీక్ష తప్పిన పిల్లలా.

డాక్టర్ ఖో చూసి, కీళ్ళవాతం, ఆటోఇమ్యూన్ జబ్బులు చూసే రుమటాలజిస్టుకు ఉత్తరం రాసి పంపారు. రక్తపరీక్షలు చేశారు. పెదవి లోపలినుంచి ఆవగింజంత గ్రంథి తీసి పరీక్షకు పంపారు. షోగ్రెన్స్ సిండ్రోమ్ అని తేలింది. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి, లాలాజలాన్నీ కన్నీళ్ళనూ తయారుచేసే గ్రంథుల మీద పడుతుంది. ఎందుకు పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఎక్కువగా ఆడవాళ్ళకు, నడివయసు దాటాక వస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు, అదుపులో పెట్టుకోవచ్చు.

లాలాజలం సంగతి చాలామందికి తెలియదు, పోయాకే దాని విలువ తెలుస్తుంది. అందరి నోళ్ళలోనూ బ్యాక్టీరియా ఉంటుంది. మనం తిన్నదాంట్లో పిండి, చక్కెర వాటికి ఆహారం. అవి తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. లాలాజలం ఆ మెతుకులను కడిగేస్తుంది, ఆమ్లాన్ని విరిచేస్తుంది, కరిగిన పంటికి మళ్ళీ ఖనిజాలు అందిస్తుంది. రోజంతా మనకు తెలియకుండానే జరిగే పని ఇది. తడి ఆరిపోతే ఈ కాపలా ఉండదు. ఆమ్లాన్ని తట్టుకుని బతికే బ్యాక్టీరియా, మిగతావాటిని తోసేసి, చిగురంచుల్లో పాతుకుపోతుంది. పెరుగన్నమే తిన్నా సరే, అన్నం పిండి పదార్థమే కదా.

ఫలితాలతో మళ్ళీ వచ్చిన రోజు ఇదంతా నేను ఆవిడకు తెలుగులో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. తర్వాత డాక్టర్ ఖో చెప్పింది కూడా నేనే తర్జుమా చేశాను. పళ్ళన్నీ పీకేసి సెట్టు పెట్టుకోవడం ఈ నోటికి దారి కాదు. కట్టుడుపళ్ళు చిగుళ్ళకు అంటుకుని నిలబడేది పల్చటి లాలాజలపు పొర ఆధారంతోనే. అది లేనిచోట సెట్టు జారుతుంది, ఒరుసుకుంటుంది, పుళ్ళు పడతాయి. కాబట్టి ఉన్న పళ్ళను ఎలాగైనా నిలబెట్టుకోవాలి. అవి పోతే ఇక మెత్తగా కలిపిన అన్నం, జావ, అంతే.

ఫణికి ఆఫీసునుంచి ఫోనొచ్చి కారిడార్‌లోకి వెళ్ళాడు. కొడుకు వెళ్ళాడని చూసుకుని ఆవిడ నెమ్మదిగా అడిగారు. “మరి గారె తినగలనా?”

నాకు నవ్వొచ్చింది. “మీ చేతి గారెలంటే మీకే అంత ఇష్టమా పిన్నిగారూ? జిహ్వచాపల్యం మాకే ఉందనుకున్నాను.”

ఆవిడ నవ్వలేదు.

“మా ఆయన పోయి నాలుగేళ్ళు. మార్గశిరంలో తద్దినం. భోక్తలు తిన్నాక మిగిలిన శేషం ఇంట్లోవాళ్ళం తినాలి, నీకు తెలుసుగా. అందులో గారె తినకపోతే ఎలా? కిందటేడు నోట్లో పెట్టుకున్నాను. నమిలాను, నమిలాను, పిండి పిండిగా నోరంతా అతుక్కుపోయింది కానీ గొంతు దిగలేదు. పక్కన ఫణి తింటున్నాడు. వాడు చూడకుండా కొంగులోకి తీసేసుకున్నాను. అంతకు ముందేడూ ఇంతే.”

“అప్పుడే డాక్టరుకు చూపించుకోవాల్సింది కదా?”

“డాక్టరుకేం చెప్పనూ? అది జబ్బు అనుకోలేదమ్మా. ఆయన ఆఖరి రోజుల్లో గారెలు అడిగారు. డాక్టరు నూనెవి వద్దన్నాడని నేను వెయ్యలేదు. రెండ్రోజులు అడిగి మానేశారు. మన ఊళ్ళోనయితే పిండం పెట్టాక కాకి ముట్టిందో లేదో చూస్తాం. ముట్టకపోతే, ఆయనకేం తక్కువైందో అని దణ్ణం పెట్టుకుని అడుగుతాం. ఇక్కడ ఆ వీలేదీ? పిట్టలకి మెతుకు వేస్తే జరిమానా. ఫణి పిండాలు సముద్రంలో కలిపి వచ్చేస్తాడు. ఆయన పుచ్చుకున్నారో లేదో నాకు తెలిసేదెలా? నా గొంతు ద్వారా చెబుతున్నారనుకున్నాను. నేను పెట్టని గారె నా గొంతు దిగదని.”

నేను ఈ పనిలో ఎన్నో నోళ్ళు చూశాను, ఎన్నో కబుర్లు విన్నాను. ఆ రోజు మాత్రం చేతిలో అద్దం పక్కన పెట్టేశాను. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు వచ్చినా కళ్ళలో నీళ్ళు ఊరవు. ఎర్రబడ్డ కళ్ళు ఆర్పుతూ కూర్చున్నారు.

“పిన్నిగారూ, అది మీ గ్రంథులు ఎండిపోవడం వల్ల. బాబాయిగారికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పరీక్షలో కనిపించింది కదా” అన్నాను.

“నువ్వు చెప్పింది అబద్ధమనను తల్లీ. కానీ గ్రంథులు ఎండడానికి కారణం ఎవరూ చెప్పలేరని నువ్వే అన్నావు.”

ఆవిడ లేవడానికి వీలుగా కుర్చీ వాల్పు పైకెత్తాను.

“ఫణికి చెప్పకు” అన్నారు లేస్తూ. “ఉపవాసాల సంగతి కూడా. నలుగురిలో కూర్చుని తినలేక, మధ్య మధ్యలో నీళ్ళు తాగుతూ మింగుతుంటే చూసేవాళ్ళకి బావుండదని, ఈవేళ ఉపవాసం అంటాను. ఉపవాసం అన్నవాళ్ళని ఎవరూ ఎందుకని అడగరు.”

పేషెంటు చెప్పినది గడప దాటించకపోవడం మా వృత్తిలో ఎలాగూ నియమమే. కానీ మార్గశిరంలోపు ఆవిడ చేత గారె తినిపించకపోతే నా చదువెందుకు అని ఆ రోజే పట్టుదల పుట్టింది.

పుచ్చులన్నీ ఒక్కొక్కటే శుభ్రం చేసి పూడ్చాం. ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పంటిని గట్టిపరిచే పూత, క్రమం తప్పకుండా వేయడం మొదలుపెట్టాను. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ఇచ్చాను. పుల్లటివి చప్పరించొద్దన్నాను. నోరు ఊరడానికి ఉసిరి వరుగు బుగ్గన పెట్టుకునే అలవాటు ఆవిడకూ ఉంది, మాన్పించాను. సింగపూర్‌లో చూయింగ్ గమ్ మామూలు షాపుల్లో అమ్మరు కానీ, పళ్ళకోసం తయారైన చక్కెర లేని గమ్ డాక్టరు దగ్గరా మందుల షాపులోనూ దొరుకుతుంది. నమిలితే మిగిలిన గ్రంథులు కొంచెమైనా పనిచేస్తాయి. అది ఇవ్వబోతే ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు.

“మడి కట్టుకుని, నోట్లో ఏదో నములుతూ, పితృదేవతలకి వంట చెయ్యమంటావా?”

రుమటాలజిస్టు ఇచ్చిన మాత్ర కథ ఇంకోటి. పైలోకార్పిన్ అని, లాలాజలం ఊరేలా గ్రంథులను పురికొల్పే మందు. పని చేసింది. అయితే దాంతోపాటు ఒళ్ళంతా చెమటలు కూడా పట్టిస్తుంది. ఆవిడ కొన్నాళ్ళు వేసుకుని చెప్పకుండా మానేశారు.

“పొయ్యి దగ్గర నుంచుంటే ధారలు కడుతోందమ్మా. ఓ చుక్క పప్పులో పడితే ఆ తద్దినం ఏం కానూ?”

రుమటాలజిస్టుకు ఫోన్ చేసి విషయం చెబితే, ఆయన వంట ఉన్న రోజుల్లో వంట ముగిశాకే వేసుకునేలా మార్చారు. ఇక మిగిలింది నీళ్ళు. అన్నిటికంటే చవకైనదీ తేలికైనదీ. మాటిమాటికీ నోరు తడుపుకుంటూ ఉండండి, నోరు ఎండనివ్వకండి అని ప్రతిసారీ చెప్పి పంపేదాన్ని. ఆవిడ ప్రతిసారీ అలాగేనమ్మా అనేవారు.

సెప్టెంబరులో వచ్చినప్పుడు చూస్తే కింది ముందుపళ్ళ మీద కొత్తగా సుద్దతెలుపు మచ్చలు. పుచ్చు మొదలయ్యే ముందు పన్ను అలా పాలిపోతుంది. ఒక పంటికి అప్పుడే గుంట కూడా పడింది. నేను పూడ్చిన పంటి పక్కనే. నాకు కోపం తన్నుకొచ్చింది. అసలే నాది నోరు ఆగే తత్వం కాదు.

“నీళ్ళు తాగుతున్నారా అసలు? నిజం చెప్పండి. మేమంతా ఇంత కష్టపడుతుంటే మీరు అలాగే అలాగే అంటూ నన్ను మభ్యపెడుతున్నారు.”

ఆవిడ మొహం చిన్నబోయింది. “దేవుడి మీద ప్రమాణం చెయ్యమంటావా? చెంబులు చెంబులు తాగుతున్నాను.”

“తాగుతుందండీ” అన్నాడు ఫణి. ఆ రోజు ఇయర్‌ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. “నేను చూస్తూనే ఉన్నాను. రాత్రిళ్ళు నిద్రలేదు, బాత్రూముకి తిరగడమే సరిపోతోంది. నీళ్ళు తాగే విషయంలో మాత్రం మా అమ్మని ఏమనకండి.”

డాక్టర్ ఖో వచ్చి చూశారు. పన్ను పీకాల్సిన పరిస్థితి రాలేదు కానీ ఇలాగే సాగితే వచ్చే ఏడాదికి ఆ వరస నిలవదన్నారు. నేను ఆ మాట మెత్తగా చెప్పడానికి ప్రయత్నించాను. ఎంత మెత్తగా చెప్పినా అర్థం అదే. ఆవిడ గుడ్డసంచిలోంచి సొంత స్టీలు గ్లాసూ నీళ్ళ సీసా తీసుకున్నారు. నీళ్ళు తాగడానికి మా క్లినిక్కు కప్పు ఆవిడెప్పుడూ ముట్టుకునేవారు కాదు. గ్లాసులో నీళ్ళు పోసుకుని, తల వెనక్కి వాల్చి, గ్లాసు పెదవికి జానెడు ఎత్తున పట్టుకుని, సన్నటి ధారగా గొంతులో పోసుకున్నారు. చుక్క కింద పడలేదు. చప్పుడు కూడా లేదు.

డాక్టర్ ఖో కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నారు. “వా, హౌ షీ డూ దట్ ఆ?”

“ఎంగిలి కాకుండా అలా తాగుతారు. మా అమ్మమ్మ కూడా అంతే” అన్నాను. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. చిన్నప్పటినుంచీ చూసిందే కదా.

ఆయనకు మాత్రం ముచ్చటేసింది. తన కప్పు తీసుకుని, అంతే ఎత్తునుంచి పోసుకోబోయి, ముక్కులోకీ చొక్కామీదకీ ఒలకబోసుకున్నారు. దగ్గుతూ దగ్గుతూ, “నో, నో, ఇట్ గోస్ స్ట్రెయిట్ టు ద త్రోట్!” అన్నారు. ఫణి నవ్వాపుకోలేకపోయాడు. పిన్నిగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. నీళ్ళు తిన్నగా గొంతులోకే పోతున్నాయి. ఆవిడ చెంబులు చెంబులు తాగుతున్న మాట అక్షరాలా నిజం. ఆ నీళ్ళు నాలుక వెనకభాగం మీద పడి అటునుంచి అటే దిగిపోతున్నాయి. ముందుపళ్ళకు, పెదవి లోపలికి, బుగ్గలకు చుక్క తగలడంలేదు. మేం మాటిమాటికీ నోరు తడపండి అంటే, మా ఉద్దేశంలో నోరు వేరు, ఆవిడ అలవాటులో నోరు వేరు.

పైగా ఆ తాగడం నేను అప్పటికే చాలాసార్లు చూశాను. కళ్ళెదుటే ఉన్నా పట్టించుకోలేదు, మన ఇళ్ళలో మామూలే కాబట్టి.

“పిన్నిగారూ, ఒక్కసారి కూర్చోండి. చిన్న తమాషా చూపిస్తాను.”

పళ్ళు ఆరబెట్టడానికి మేం వాడే కాటన్ రోల్, అంటే దూది చుట్ట, ఒకటి తీసి ఆవిడ కింది పెదవికీ పళ్ళకూ మధ్య పెట్టాను. ఇప్పుడు మీరెప్పుడూ తాగినట్టే తాగండి అన్నాను. ఒక గ్లాసు తాగారు. ఇంకో గ్లాసు తాగమన్నాను, తాగారు. దూది తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. వేలితో నొక్కి చూసుకున్నారు.

“పొడిగా ఉందే!”

“ఇప్పుడు అలాగే ఎత్తి పోసుకోండి, కానీ మింగకండి. పెదవులు మూసి, కుడి బుగ్గలోకీ ఎడం బుగ్గలోకీ, పళ్ళ ముందుకూ తిప్పండి. ఆ తర్వాత మింగుతారో ఉమ్ముతారో మీ ఇష్టం.”

కొత్త దూది పెట్టాను. ఈసారి తీస్తే తడిసి ముద్దయింది.

ఆవిడ రెండు దూది చుట్టలనూ రెండు చేతుల్లో పెట్టుకుని చూస్తూ, “పుక్కిలించడమేగా ఇది! ఇన్నాళ్ళూ ఇంగ్లీషు మందులన్నీ చెప్పావు, పుక్కిలించమని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?” అన్నారు.

తిట్టు తిట్టులా లేదు, నేను ఆనందంగా పడ్డాను.

“మడిలో కుదురుతుందా మరి?” అని నేనే అడిగాను.

ఆవిడ ఆలోచించారు. ఈ విషయంలో డాక్టరు నేను కాదు, ఆవిడే. “గ్లాసు పెదవికి తగలదు కాబట్టి ఎంగిలి లేదు. పొయ్యికి ఎడంగా సింకు దగ్గరికెళ్ళి పుక్కిలించి ఉమ్మి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వస్తే మడి పోదు. భోజనం చేశాక నోరు పుక్కిలించి శుద్ధి చేసుకోమన్నారుగా పెద్దలు. అది ముందే చేస్తానంతే” అని తీర్పు చెప్పేశారు.

ఆ తర్వాత ఆవిడ పట్టిన పట్టు చూసి నాకే భయమేసింది. లిటిల్ ఇండియాలో కూరగాయలు కొంటూ కూడా సంచీలోంచి గ్లాసు తీసి, ఓ పక్కకెళ్ళి పుక్కిలించేవారట. ఫణికి మొహమాటంగా ఉండేదట. రాత్రి పడుకునే ముందు నోట్లో రాసుకునే తేమ జెల్ ఇచ్చాను, అది కూడా వాడారు. రాత్రిళ్ళు లేవడం తగ్గింది, తాగే నీళ్ళు సగమయ్యాయి కాబట్టి. నవంబరులో చూస్తే సుద్దమచ్చలు అక్కడే ఆగి ఉన్నాయి. కొత్తవి లేవు. అద్దం ఇంకా బుగ్గకు అంటుకుంటోంది, జబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ అంటుకున్న అద్దం ఇప్పుడు సులువుగా ఊడివచ్చింది.

“మరి గారె?” అన్నారు.

“ముందు బాగా పుక్కిలించండి. జెల్ కొంచెం రాసుకోండి. గారెను పెరుగులో ముంచుకుని, చిన్న ముక్క...”

“పెరుగులో ఎందుకూ? ఆయనకి ఉత్తి గారె ఇష్టం. ఉత్తిదే తింటాను.”

“పిన్నిగారూ, అది ఉత్తిది తింటే...”

“నీ పని నువ్వు చేశావమ్మా” అన్నారు నా చెయ్యి పట్టుకుని. “మిగతాది నేను చూసుకుంటాను.” క్లినిక్కులో ఉండగా గ్లవుజులు లేని నా చేతిని ఆవిడ తాకడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి స్నానం చేసే ఉంటారు, అది వేరే సంగతి.

మార్గశిరం వచ్చింది. తద్దినం ఏ రోజో నాకు తెలుసు. ఆ రోజు పొద్దుటినుంచీ నా చేతులు పనిచేస్తున్నాయి కానీ మనసు బెడోక్‌లో ఉంది. పళ్ళు శుభ్రం చేయించుకుంటున్న ఒక కుర్రాడు, మధ్యమధ్యలో గడియారం చూస్తున్న నన్ను చూసి, నీకేమైనా అర్జెంటా అని కూడా అడిగాడు. ఉత్తి గారె అంటే మామూలు మాటా? వేయించిన మినప్పిండి, తడి లేని నోరు. అది మళ్ళీ గొంతుకు అడ్డం పడితే, ఆవిడ దాన్ని జబ్బు అనుకోరు. పోయిన భర్త మూడోసారి కూడా కాదన్నాడనుకుంటారు. ఆ తర్వాత ఏ పంటికి ఏ పూత వేసి ఏం లాభం?

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. ఫణి.

“సారీ అండీ, డ్యూటీలో ఉన్నారేమో. మా అమ్మ మడిలో ఉంది, ఫోన్ ముట్టుకోదు. మీకు ఒక మాట చెప్పమని నా ప్రాణం తీస్తోంది.”

“ఏమయింది?”

“ఏమీ కాలేదండీ. గారె తిన్నానని చెప్పమంది.”

“ఉత్తిదేనా?”

“ఏంటండీ?” అని, వెనక్కి తిరిగి, “అమ్మా, ఉత్తిదేనా అని అడుగుతున్నారు” అన్నాడు. అవతల దూరంనుంచి ఆవిడ గొంతు వినిపించింది, “రెండోది కూడా ఉత్తిదే అని చెప్పు!”

“రెండోది కూడా ఉత్తిదేనట” అన్నాడు ఫణి. “అదేంటో అండీ, తిని చాలాసేపు ఆకు ముందే కూర్చుంది. నాన్న ఫోటో వంక చూస్తూ. ఇవాళ శుక్రవారం, ఉపవాసం లేదా అని అడిగితే, ఇంక శుక్రవారాలు చెయ్యను అంది. ఇంతకీ ఈ గారె సంగతేంటండీ? పళ్ళకి మంచిదా?”

“ఆవిడ పళ్ళకు మంచిదే” అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాలనిపిస్తే ఆవిడే చెప్పుకుంటారు.

పిన్నిగారు ఇప్పటికీ వస్తారు. జబ్బు జబ్బే, ఏటా ఒకటో రెండో పుచ్చులు పూడుస్తూనే ఉన్నాం, ఆ కింది వరస మాత్రం నిలబడింది. వచ్చినప్పుడల్లా డాక్టర్ ఖో ఎదుట గ్లాసెత్తి ధార పోసుకుని చూపించి, బుగ్గలు ఉబ్బించి నీళ్ళు తిప్పి, ఆయన్ని నవ్విస్తారు. పోయినాయన కోపంగా ఉన్నాడా, గ్రంథులు ఎండాయా అన్న వాదన మా మధ్య మళ్ళీ రాలేదు. ఒకసారి మాత్రం ఆవిడే అన్నారు. “గ్రంథుల సంగతి నువ్వు చూశావు, ఆయన సంగతి నేను చూశాను. ఇద్దరం చూస్తేనే కదమ్మా దిగింది.”

నా పని తీరు ఆ తర్వాత కొంచెం మారింది. ఇప్పుడు నోరెండుతోందని ఎవరొచ్చినా, తెలుగువాళ్ళయినా, చైనీసువాళ్ళయినా, మలేవాళ్ళయినా, నీళ్ళు తాగుతున్నారా అని అడగడం మానేశాను. గ్లాసు చేతికిచ్చి, తాగి చూపించమంటాను. వాళ్ళు తాగుతున్నంతసేపూ కళ్ళు తిప్పను.